బతికున్నవాడికి నీళ్ళు

సోమవారం పొద్దున రొమ్ము కోసి గుండెలో కవాటం మారుస్తామన్నారు డాక్టర్లు. సరేనని తలూపి వచ్చాడు గానీ, వెళ్ళకూడదనే తీర్మానించుకున్నాడు లూషస్ బ్రాడ్‌నాక్స్. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆయనా, ఆయన గుండే. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి కత్తికి భయపడ్డాడని నలుగురికీ తెలిస్తే పరువేం కాను?

అందుకే నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ దాటినప్పటి నుంచీ ట్యూషన్ సెంటర్‌కి రావడం మానేసి, అడిగినవాళ్ళందరికీ మోకాలి నొప్పి అని చెబుతున్నాడు. మోకాలు నిక్షేపంగా ఉంది. పాపం, తన మీద పడ్డ నింద దానికి తెలియనే తెలియదు.

ఇవాళ మాత్రం ఇంట్లో కాలు నిలవలేదు. అమెరికాలో నల్లవాళ్ళు ఏడాది చివర తమ పెద్దల్ని తలుచుకుంటూ చేసుకునే క్వాంజా పండగకి సెంటర్లో పెద్ద విందు. పిల్లల్ని ఓసారి కళ్ళారా చూసుకుని, కాస్త ఎంగిలిపడి, ఎవరికీ చెప్పకుండా వీడ్కోలు చెప్పి వచ్చేద్దామని బయల్దేరాడు. చెప్పకుండా చెప్పే వీడ్కోలేమిటో ఆయనకే తెలియాలి.

వెస్ట్ బాల్టిమోర్‌లో ఒకప్పటి బార్బర్ షాపే ఇప్పటి సెంటర్. గోడలకి అద్దాలూ, గుండ్రంగా తిరిగే కుర్చీలూ అలాగే ఉన్నాయి. ఎక్కం తప్పు లేకుండా ఒప్పజెప్పినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి ఒక్క తిప్పు తిప్పడం లూషస్ పెట్టిన బహుమతి. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక లెక్కలు చెప్పడానికి వచ్చాడు, అలాగే ఉండిపోయాడు.

సెంటర్ నడిపే మిస్ వెర్నెట్టా ఏ పండగనీ వదిలే మనిషి కాదు. క్రిస్మస్ చెట్టు తియ్యలేదు, దాని పక్కనే ఎరుపూ నలుపూ ఆకుపచ్చా కొవ్వొత్తులు వెలిగించింది. "మన నల్లవాళ్ళ చరిత్ర చెప్పుకోడానికి ఫిబ్రవరి నెల ఇచ్చారు, అదీ ఏడాది మొత్తంలో పొట్టి నెల చూసి మరీ. నేను పన్నెండు నెలలూ తీసుకుంటా, ఎవడొచ్చి అడుగుతాడో చూస్తా" అంటుందావిడ. అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

లూషస్ వెనక గుమ్మంలోంచి దొంగలా దూరి, క్రిస్మస్ చెట్టు చాటున నిలబడ్డాడు. అప్పుడే పెద్దలకి నీళ్ళు వదిలే తంతు మొదలైంది. వెర్నెట్టా చెక్క గిన్నె పట్టుకుని కుండీలోని రబ్బరు మొక్క దగ్గర నిలుచుంది.

"పిల్లలూ, ఒక్కొక్కళ్ళూ రెండు పేర్లు. ఒకటి మనం ఈ ఏడాది చదువుకున్న చరిత్రలోంచి, ఒకటి మీ మనసులోంచి. పోయినవాళ్ళవే చెప్పాలి, తెలిసిందా? పేరు చెప్పగానే నేను నీళ్ళు పోస్తా, అందరూ ఆషే అనాలి, అంటే తథాస్తు."

ముందు జవారి లేచాడు. ఏడేళ్ళు, ముందు పళ్ళు లేవు.

"ఫ్రెడరిక్ డగ్లస్!"

"ఆషే!"

"ఇంకా... మా బిస్కట్."

"బిస్కట్ ఎవర్రా?"

"మా చేప."

ముందు వరసలో పెద్ద టోపీ పెట్టుకుని కూర్చున్న సిస్టర్ అర్లీన్ భగ్గుమంది. చర్చిలో సగం పెత్తనం ఆవిడదే, మిగతా సగం కోసం ప్రయత్నిస్తోంది. "వెర్నెట్టా, డగ్లస్ మహానుభావుడి పక్కన చేపని కూర్చోబెడతావా?"

"పోయింది కదమ్మా, పోనీ" అని వెర్నెట్టా రెండు చుక్కలు పోసింది. "ఆషే" అన్నారందరూ. అర్లీన్ కూడా సణుగుతూనే అంది.

తర్వాత తమియా. తొమ్మిదేళ్ళ పిల్ల, ఏడు జడలు, ఒక్కో జడకీ ఒక్కో రంగు పూస.

"హారియట్ టబ్‌మన్."

"ఆషే!"

"మిస్టర్ లూషస్ బ్రాడ్‌నాక్స్."

"ఆషే!"

నోళ్ళు అలవాటు కొద్దీ అనేశాయి, బుర్రలు వెనకాల నింపాదిగా వచ్చాయి. అప్పటికి నీళ్ళు కుండీలో ఇంకిపోయాయి. అసలు అందరికన్నా గట్టిగా ఆషే అన్నది చెట్టు చాటునున్న లూషసే. అన్నాక గానీ ఆ పేరు తనదని తట్టలేదు. తుళ్ళిపడి చెట్టుని పట్టుకున్నాడు. చెట్టు ఆయన్ని ఆపలేక, గంటలూ నక్షత్రాలతో సహా పక్కకి ఒరిగిపోయింది.

"ఓరి దేవుడో! దయ్యం!" అని అర్లీన్ టోపీ పట్టుకుని కుర్చీ ఎక్కినంత పని చేసింది.

"దయ్యం కాదే, నేనే" అన్నాడు లూషస్, చెవికి వేలాడుతున్న వెండి దండ లాక్కుంటూ.

"బతికే ఉన్నావా?"

"నువ్వు అరవకముందు బాగానే ఉన్నాను."

వెర్నెట్టా మొహంలో నెత్తురు చుక్క లేదు. "బ్రదర్ లూషస్, పొరపాటైపోయింది. పోసిన నీళ్ళు వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు తెలీదు."

"నాకు తెలుసు" అని అర్లీన్ బంగాళాదుంప సలాడ్‌లోని గరిటె లాక్కుని, కుండీలో తడిసిన మట్టి తవ్వడం మొదలుపెట్టింది. "ఇది బయట పారేస్తే సరి. పైవాళ్ళకి రాంగ్ నంబరని చెప్పుకుందాం."

"ఆంటీ, అక్కడే మా బిస్కట్ కూడా ఉంది!" అని జవారి ఏడుపు లంకించుకున్నాడు.

మామూలు రోజైతే లూషస్ పొట్ట పట్టుకుని నవ్వేవాడే. కానీ గుండె డప్పు కొడుతోంది. సోమవారం ఎల్లుండే. వెళ్తే కత్తి, వెళ్ళకపోతే ఊపిరాడని రాత్రులు. ఇప్పుడు పెద్దలకి కబురు కూడా వెళ్ళిపోయింది. ఆయనకి నిజంగా భయం వేసింది, చిన్నపిల్లాడికి వేసినట్టు వేసింది.

"తమియా, ఎందుకు చెప్పావే నా పేరు?"

పిల్ల తల దించుకోలేదు. "మా అమ్మమ్మ కూడా ముందు ఇక్కడికి రావడం మానేసింది. ఏమైందని అడిగితే నడుం నొప్పి అన్నారు. ఓ రోజు టీవీలో బొమ్మలు చూస్తూ కూర్చున్నా, అమ్మమ్మ సమాధి దగ్గరికి వెళ్ళాలి, నల్లగౌను వేసుకోమన్నారు. మీకూ మోకాలి నొప్పి అన్నారుగా. ఈసారి ఎవరూ చెప్పకముందే నేనే చెప్పేద్దామనుకున్నా."

అర్లీన్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ అమ్మమ్మకి నడుం నొప్పి అంటగట్టినవాళ్ళలో ఆవిడ కూడా ఉంది.

లూషస్ బార్బర్ కుర్చీలో కూలబడ్డాడు. తలుపు దగ్గరే ఉంది, లేచి వెళ్ళిపోవచ్చు. ఈ పిల్ల కళ్ళలోకి చూసి మళ్ళీ మోకాలి పేరెత్తడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

"మోకాలు కాదమ్మా, గుండె" అన్నాడు. "సోమవారం కోస్తారు."

వెర్నెట్టా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లలు మాత్రం ఈగల్లా ముసిరారు.

"బయటికి తీస్తారా?" ఏడుపు మరిచిపోయి అడిగాడు జవారి.

"తియ్యరు. ఉన్నచోటే బాగుచేస్తారు."

"బస్సు ఇంజనుకి చేసినట్టా?"

"దాదాపు అంతే. పాత కవాటం తీసేసి, ఆవుది పెడతారు."

"ఆవుదా! అయితే మీరు అంబా అంటారా?"

"అర్లీన్‌ని చూస్తే అంటానేమో."

అర్లీన్ గరిటె ఝళిపించింది గానీ కళ్ళు తుడుచుకుంటోంది. లూషస్ ఒక్కో ప్రశ్నకీ జవాబు చెబుతూ పోయాడు. నొప్పి తెలుస్తుందా, తెలీదు, నిద్రపుచ్చుతారు. మచ్చ ఉంటుందా, ఉంటుంది, ఇక్కణ్ణించి ఇక్కడికి. చూపిస్తారా, చొక్కా విప్పే ముందు ఆలోచిస్తా. చెప్పేకొద్దీ ఆయనకే వింతగా ఉంది. ఇన్నాళ్ళూ ఒంటరిగా పడుకుని తలుచుకుంటే కొండంత కనిపించింది, ఈ పిల్లల మధ్య పెడితే లెక్కల పాఠమంత అయింది.

తమియా మాత్రం ఏమీ అడగలేదు. మిగతావాళ్ళు తిండి వైపు మళ్ళాక, దగ్గరికొచ్చి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ వస్తారా?"

రాకేం, తప్పకుండా వస్తాననబోయాడు. పెద్దవాళ్ళు అనేది అదే కదా. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"తెలీదమ్మా. వెళ్తే రావచ్చు. వెళ్ళకపోతే మాత్రం రాను."

పిల్ల నుదురు ముడిచింది. "వెళ్ళకపోతే ఏంటి? వెళ్ళరా?"

లూషస్ తలుపు వైపు చూశాడు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ చూపు చాలు, అంతా అర్థమైపోయింది.

"భయమా?"

"చాలా."

"మా అమ్మమ్మని ఎవరూ ఈ మాట అడగలేదు" అంది తమియా. ఆయన వేళ్ళని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది. "నేనొచ్చి ఆపరేషన్ గది గుమ్మం బయట కూర్చుంటా. సెలవలే కదా. వెళ్ళండి."

"వెళ్తాను" అన్నాడు లూషస్.