గోడ తాగిన సిమెంటు

అళగేశన్ మేస్త్రి దీపాన్ని బీట దగ్గరకు తీసుకెళ్లాడు. మంట ఇటు వాలింది. చేయి అడ్డం పెడితే నిటారుగా నిలబడింది. చేయి తీస్తే మళ్లీ వాలింది. గోడలోంచి గాలి వస్తోంది.

అది నేలమాళిగ గోడ. దాని వెనక మట్టి తప్ప మరేమీ ఉండకూడదు. మట్టిలోంచి గాలి రాదు.

"ఏంది మేస్త్రీ, గోడకు నాడి చూస్తావుండావా? జ్వరమేమన్నా తగిలిందా?" మెట్ల మీదనుంచి నవ్వాడు సుబ్బరాయలు నాయుడు.

పుదుచ్చేరి దొరలు తాగే బ్రాందీలో సగం ఈ నాయుడి పీపాల్లోంచి వెళ్లేదే. ఆ పీపాలు చల్లగా ఉండటానికి, పెద్ద యుద్ధానికి ముందు ఇంటి కింద ఈ నేలమాళిగ కట్టించాడు. ఊళ్లో అందరూ సున్నంతో కట్టుకుంటున్న రోజుల్లో, ఓడలో సిమెంటు తెప్పించి మరీ కాంక్రీటు గోడలు పోయించాడు. పోసిన చేయి అళగేశన్‌దే. ఇన్నేళ్లూ వెంట్రుకంత గీత పడని గోడ ఈ వానల్లో పైనుంచి కింది దాకా బీటవారింది.

బీట ఆగిందో, ఇంకా కదులుతోందో తెలుసుకోవాలంటే దాని మీద అడ్డంగా సన్నటి సున్నపు పట్టీ వేసి చూస్తారు. పట్టీ పగిలితే బీట బతికే ఉన్నట్టు. బతికున్న బీటను పూడ్చినా ప్రయోజనం లేదు. అళగేశన్ వేసిన ప్రతి పట్టీ పగిలింది. ఇప్పుడీ గాలి. గోడ వెనకనుంచి ఎవరో మట్టి తోడేస్తున్నారు.

"నాకు తెలీదనుకోవద్దు," నాయుడు నవ్వు ఆపి అన్నాడు. "పక్క గానుగ కొట్టాన్ని మీ ధనపాల్ అద్దెకు తీసుకున్నాకే గదా నా గోడ పగిలింది? రేపు పని మొదలుపెట్టి ముగిస్తే సరి. లేదంటే పోలీసుల్ని పిలిచి బయటనుంచి తవ్విస్తా. ఎలకలుంటే అవే బయటికొస్తాయి."

అళగేశన్‌కు తోడుతున్నదెవరో అర్థమైంది. ధనపాల్ అతని తమ్ముడు. తల్లి పోయాక తన చేత్తో అన్నం కలిపి పెట్టి పెంచిన తమ్ముడు.

వానలోనే కొట్టానికి పరుగెత్తాడు. ధనపాల్ కొబ్బరి పీచు మోపుల మీద పడుకుని ఈల వేస్తున్నాడు.

"దా అన్నా! తడిసిన కోడి మాదిరి ఉండావే."

అళగేశన్ అతణ్ణి పక్కకు నెట్టాడు. మోపులు ఒక్కొక్కటీ లాగి పారేశాడు. వాటి వెనక గుంత. అందులోంచి నాయుడి గోడ వైపు బొరియ. పైనుంచి ఇసుక రాలకుండా తాటి పలకలు ఆనించి ఉన్నాయి.

"ఎందుకురా?" అన్నాడు అళగేశన్.

"ఎందుకేంది? గోడకు ఇవతల మనం, అవతల బ్రాందీ. అరియాంకుప్పం దాటించి సరిహద్దు అవతల ఇంగ్లీషోళ్ల సీమలో అమ్మితే దొరబిడ్డ మాదిరి బతకొచ్చు. నువ్వు పోసిన గోడే బీటవారిందే గానీ దారియ్యనంటావుంది. పాపిష్టి గోడ!"

చెంప ఛెళ్లుమంది. ధనపాల్ చెంప నిమురుకుంటూ కూడా నవ్వబోయాడు గానీ, అన్న కళ్లల్లో నీళ్లు చూసి ఆగిపోయాడు.

"దొరికితే ఇక్కడ జైల్లో పెట్టరురా. ఓడెక్కించి కయెన్ ఖైదుకు తోలతారు. సముద్రాల అవతల. ఆడికి పోయి తిరిగొచ్చినోణ్ణి ఒక్కణ్ణి చూపించు."

ధనపాల్ తల దించుకున్నాడు. "ఇప్పుడేం చేసేది?"

"నువ్వేమీ చెయ్యొద్దు. రేపు ఆ బీటలోకి సిమెంటు పాలు పోస్తా. నీ బొరియంతా నిండి బండరాయైపోతాది. పైనుంచి గుంత పూడ్చేస్తాం. ఇంక పోలీసులు కాదు గదా, గవర్నరు దిగొచ్చి తవ్వినా ఏమీ దొరకదు. కానీ నువ్వు మళ్లీ దాంట్లోకి దిగగూడదు."

"అమ్మ తోడు అన్నా. దిగను."

తెల్లారగానే అళగేశన్ పని మొదలుపెట్టాడు. బీటలోని దుమ్మంతా ఇనుప కమ్మీతో గీకి, నీళ్లు కొట్టి కడిగాడు. లోపలి వైపు మందంగా సిమెంటు పూసి, పైన మాత్రం ఒక గొట్టం దూర్చాడు. ఆ గొట్టం నేలమాళిగ కప్పులోంచి పై గదిలోకి వచ్చింది. అక్కడ గరాటు పెట్టి, కూలి కరుప్పన్ తొట్టెలో కలిపి ఇస్తున్న సిమెంటు పాలను అళగేశన్ బకెట్లతో పోయసాగాడు.

గోడ తాగింది. ఇంకా తాగింది. మామూలు బీటైతే ఎప్పుడో నిండి గొట్టంలోంచి ఎగదన్నాలి.

"ఓయమ్మో! దొరలకన్నా నా గోడే బాగా తాగుతావుండాదే!" కుర్చీలో కూర్చున్న నాయుడు తొడ చరిచాడు. కరుప్పన్ కూడా నవ్వాడు.

అళగేశన్ నవ్వలేదు. అయినా లోపల గుండె తేలికపడుతోంది. ప్రతి బకెట్‌తో తమ్ముడి తప్పు ఇంకాస్త కిందికి, ఇంకాస్త చీకట్లోకి పోతోంది.

ఉన్నట్టుండి కింద ఎక్కడో ధన్‌మని శబ్దం వచ్చింది. గరాటులో సిమెంటు ఒక్కసారి సుడి తిరిగి, నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది.

"నిండొచ్చింది. ఆపకుండా పొయ్యాల," అన్నాడు అళగేశన్, ఉత్సాహంగా. మరో బకెట్ వంచాడు. మరొకటి.

వాకిట్లో కేక వినిపించింది. ధనపాల్ పెళ్లాం అంబుజం. మోకాళ్ల దాకా బురద, చేతుల నిండా ఇసుక.

"బావా! ఆయన ఈడికి వచ్చినాడా?"

"లేదే. ఏమైంది?"

"నీ గునపం, నీ పేరు కొట్టుండే గునపం, ఆ బొరియలోనే మరిచిపొయ్యినాడంట. 'అది ఎవరికన్నా దొరికితే మా అన్నను పట్టుకుంటారు, అన్న సిమెంటు పోసేలోగా తెచ్చేస్తా' అని పొయ్యినాడు బావా. కొట్టంలో చూస్తే లేడు. గుంత నిండా ఇసుక కూలిపొయ్యుండాది!"

అళగేశన్ చేతిలో బకెట్ జారి నేల మీద పడింది. బూడిద రంగు పాలు నాయుడి కాళ్ల కిందికి పారాయి.

నాయుడి మొహం చూడటానికి కూడా అతను ఆగలేదు. మెట్లన్నీ దూకి నేలమాళిగలో పడ్డాడు. గోడకు చెవి ఆనించాడు.

టక్. టక్.

ఎంతో దూరంనుంచి వచ్చినట్టుంది ఆ చప్పుడు. అళగేశన్ సుత్తితో గోడను కొట్టాడు. లోపలినుంచి గబగబా బదులు వచ్చింది.

వెనక ఇసుక కూలి దారి మూసుకుపోయింది. ముందునుంచి సిమెంటు పాలు. మధ్యలో ధనపాల్.

"కరుప్పా! సమ్మెట తే! నువ్వు పొయ్యి ఆ గుంతలో ఇసుక తియ్!"

పొద్దున పూసిన సిమెంటు పచ్చిగానే ఉంది. రెండు దెబ్బలకు ఊడింది. దాని వెనక అసలు గోడ. యవ్వనంలో అళగేశన్ కంకర ఏరి, కడిగి, ఇసుకలో ఉప్పు లేకుండా చూసి, తడి ఆరకుండా కాపలా కాసి పోసిన గోడ. సమ్మెట దెబ్బకు చేతులు జిల్లుమన్నాయి తప్ప గోడ చలించలేదు.

"గోడ పడగొడతావా? పైన ఇల్లుండాది!" నాయుడు అతని భుజం పట్టి లాగాడు.

టక్.

నాయుడికీ వినిపించింది. అతని చేయి దానంతటదే వదిలేసింది. తర్వాత పైపంచె పీపా మీదికి విసిరి, ఇంకో సమ్మెట అందుకున్నాడు.

"దొంగైతే ఏంది, బతికుండే మనిషి గదరా! కొట్టు!"

ఇద్దరూ బీటకు చెరోవైపు నిలబడి కొట్టారు. అంబుజం మెట్ల మీద కూర్చుని మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. బతికున్న మొగుణ్ణి ఆ ఇంటి ఆడవాళ్లు ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు.

చప్పుళ్ల మధ్య ఎడం పెరిగింది. అళగేశన్ ప్రతి దెబ్బకూ ఆగి వింటున్నాడు. ఆగితే ఆలస్యం. ఆగకపోతే తమ్ముడున్నాడో లేడో తెలియదు. కొంతసేపటికి ఆగి వినడమే మానేశాడు.

చివరికి ఒక పెద్ద పెళ్ల ఊడిపడింది. చిక్కటి పాలు చివ్వున చిమ్మి వాళ్ల పాదాలను ముంచెత్తాయి. ఆ సందులోంచి ఒక చేయి బయటికి వేలాడింది. అళగేశన్ ఆ చేతిని పట్టుకున్నాడు. అది తిరిగి పట్టుకోలేదు.

గోడను ఇంకాస్త పగలగొట్టి, ధనపాల్‌ను బయటికి లాగేసరికి మధ్యాహ్నం దాటింది. తలనుంచి కాళ్ల దాకా ఒకే రంగు. అప్పుడే పోతపోసిన బొమ్మలా ఉన్నాడు.

ఎవరు చెప్పారో, పోలీసు జవాను ఒకడు గొడుగు మడుస్తూ దిగి వచ్చాడు. గోడ కేసీ, శవం కేసీ చూశాడు.

"ఏందయ్యా ఇది? దొంగతనమా?"

అళగేశన్ నోరు తెరవబోయాడు. నాయుడు అడ్డొచ్చాడు. "దొంగతనం లేదు, ఏమీ లేదు. గోడ బాగుచెయ్యడానికి నేనే పిలిపించినా. పనిలో మట్టి కూలింది. రాసుకో."

జవాను తలూపి పైకి వెళ్లిపోయాడు. అంత తేలిగ్గా అయిపోయింది. కయెన్ లేదు, ఓడ లేదు, విచారణ లేదు. ఏది జరగకూడదని అళగేశన్ గోడ నింపాడో, అది జరగలేదు.

అంబుజం కొంగు తడిపి మొగుడి మొహం తుడుస్తోంది. కళ్లు తుడిచింది, ముక్కు తుడిచింది. నోట్లోకి వేలు పెట్టి ముద్దలు ముద్దలుగా సిమెంటు తీస్తోంది. ఎంత తీసినా ఇంకా వస్తోంది.

తల ఎత్తకుండానే అడిగింది. "ఎవరు పోసింది ఇది?"

కొట్టంనుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ కరుప్పన్ గొంతు సవరించుకున్నాడు. "నేనే తల్లీ. నేనే కలిపినాను."

"వాడు కలిపినాడు," అన్నాడు అళగేశన్. "పోసింది నేను."

ధనపాల్ తల అప్పటిదాకా అళగేశన్ ఒళ్లో ఉంది. అంబుజం ఆ తలను రెండు చేతులతో మెల్లగా ఎత్తి, తన ఒళ్లోకి తీసుకుంది. ఇంకాస్త ఎడంగా జరిగి కూర్చుని, మళ్లీ ఆ నోరు తుడవసాగింది.