సున్నాతో మొదలైన వరుస

తెల్లవారేసరికి వచ్చేస్తానన్న భర్త షెహబాజ్ లారీ షోలాపూర్ దారిలో గేర్‌బాక్స్ పోయి ఆగింది. ఆ సంగతి తెలిసేసరికి పుట్టింటికి వెళ్లే వికారాబాద్ రైలు కూడా వెళ్లిపోయింది. తాండూరులో కాపురం పెట్టాక నూరీన్‌కి ఇదే మొదటి ఈద్. షీర్‌ఖుర్మా ఇద్దరికి సరిపడా కాచింది.

తోచక ల్యాప్‌టాప్ తెరిచింది. డిగ్రీలో లెక్కలు చదివిన నూరీన్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో పైథాన్ నేర్చుకుంటోంది. ఆవేళ్టి అభ్యాసం త్రిభుజ సంఖ్యలు. ఒకటి, దానికి రెండు కలిపితే మూడు, దానికి మూడు కలిపితే ఆరు, అలా సాగే వరుస. కలుపుకుంటూ పోయే పని లైబ్రరీలోని ఒక ఫంక్షనే చేసిపెడుతుంది. ఐదు సంఖ్యలు అడిగితే తెర మీద 0, 1, 3, 6, 10 అని పడింది.

కంప్యూటర్ సున్నా నుంచి లెక్కపెడుతుందని మరిచిపోయింది. దిద్దబోతుండగా చెల్లెలు ముబష్షిరా వీడియో కాల్ చేసింది. వికారాబాద్ ఇంట్లో అమ్మీ, అమ్మమ్మ నానీ, చెల్లెళ్లిద్దరూ కౌగిలించుకుని ముబారక్ చెప్పుకుంటున్నారు. పండుగకి ఇంట్లో ఎన్ని కౌగిళ్లయ్యాయో చూడటం నూరీన్‌కి చిన్నప్పటి సరదా. ప్రతి ఇద్దరికీ ఒకటి చొప్పున, ఐదుగురుంటే పది. ఈసారి ఆరేనని ముబష్షిరా వెక్కిరించి, ఫోన్‌ని నానీకి ఇచ్చింది. నానీ తెరకి చెంప ఆనించింది. ఇటు తెరంతా నల్లబడింది.

కాల్ అయ్యాక నూరీన్ ఆ వరుసనే చూస్తూ కూర్చుంది. ఐదుగురికి పది, నలుగురికి ఆరు, ముగ్గురికి మూడు, ఇద్దరికి ఒకటి. ఒక్కరే అయితే సున్నా. దిద్దడానికేమీ లేదు.

ఈ రోజు గడిచేలోపు కనీసం రెండో సంఖ్య అయిన ఒకటి దాకా వెళ్లాలనిపించింది. షీర్‌ఖుర్మా వేడిచేసి, గిన్నె నిండా పోసి, ముందు వాటాలో ఉండే ఇల్లుగలావిడ నాగరాణికి తీసుకెళ్లింది. ఆవిడ చేతులు కాలకుండా కొంగు అడ్డం పెట్టుకుని రెండు చేతులా గిన్నె అందుకుంది. ఇద్దరి మధ్యా గిన్నె, హత్తుకునే వీల్లేదు. పండుగ బాగా జరిగిందా అని అడిగి, లోపల అత్త పిలిస్తే వెళ్లిపోయింది.

అంత వేడిగా, అంత నిండుగా ఎందుకు ఇచ్చానా అనుకుంది నూరీన్, వాకిట్లో నిలబడే.

దీపాలు పెట్టే వేళ తలుపు చప్పుడైంది.

"వట్టి గిన్నె ఇయ్యొద్దని ఇల్లంత దేవులాడిన. డబ్బా అడుగున గీ నాలుగు సకినాలే దొర్కినయ్" అంది నాగరాణి.

నూరీన్ గిన్నె తీసుకుని ముందు కిటికీ గట్టు మీద పెట్టింది. తర్వాత చేతులు చాచింది.

"అగో, నాలుగు సకినాలకే గింత ప్రేమనా?" అంటూనే నాగరాణి దగ్గరికొచ్చింది. ఒకసారి హత్తుకుని వెనక్కి జరగబోయింది.

"మూడుపార్లు, అక్కా."

"గిండ్ల గూడ లెక్కనా?"

"లెక్కనే."

ఈద్‌కి ఆనవాయితీగా మూడుసార్లు హత్తుకున్నా దాన్ని వాళ్లింట్లో ఒకటిగానే లెక్కపెడతారు. నాగరాణి వెళ్లాక నూరీన్ సున్నాని అలాగే ఉంచి అభ్యాసం పంపింది. షెహబాజ్ కోసం తీసి ఉంచిన షీర్‌ఖుర్మా మీద మీగడ కట్టింది.