మార్సీ పంపిన కాపలా

నెవాడాలో మా సరస్సు చుట్టూ ఉన్నదంతా ప్రభుత్వ నేల. అద్దె లేదు, గేటు లేదు, ఎక్కడ కావాలంటే అక్కడ ట్రైలర్ ఆపుకోవచ్చు. పాటించాల్సిన మర్యాద ఒక్కటే: పక్కవాడి దగ్గు మన చెవిన పడనంత దూరంలో ఆపాలి. అలాంటిది, కనుచూపు మేర ఖాళీ ఉండగా ఆ మహానుభావుడు తన ట్రైలర్ తెచ్చి సరిగ్గా నా గుమ్మం ముందు పెట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళాను.

“ఏవయ్యా, ఇంత ఎడారిలో నీకు నా నెత్తే దొరికిందా?”

“కోప్పడకండి వెల్డా గారూ! నా పేరు లోవెల్.”

“నా పేరు నీకెలా తెలుసు?”

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు. “మీ మార్సీ వాళ్ళ పక్కిల్లే మాది. మిమ్మల్ని ఓ కంట కనిపెట్టి రమ్మంది.”

మార్సీ నా కూతురు. మా ఆయన పోయాక నేనొక్కదాన్నే ఇలా తిరగడం దానికి సుతరామూ ఇష్టం లేదు. ఈ చలికాలం ఏ చిన్న ఇబ్బంది వచ్చినా ట్రైలర్ అమ్మేసి వాళ్ళింటి వెనక గదిలో ఉంటానని నా చేత మాట తీసుకుంది. ఆ గది తలుచుకుంటేనే నాకు ఊపిరాడదు.

“గూఢచారివన్నమాట! నడు, అవతలికి నడు!”

పాపం, మాట వినే మనిషే. వెంటనే బండి తిప్పాడు, కాకపోతే నీటి వైపు తిప్పాడు. అక్కడ నేల పైన తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది. కింద అంతా బురదే. “అటు కాదయ్యా!” అని నేను అరిచేలోపే చక్రాలు ఇరుసుదాకా దిగిపోయాయి.

“ఆ గుట్టెక్కితే సిగ్నల్ దొరుకుతుంది, మార్సీకి ఫోన్ చేస్తానండీ. ఎవరినైనా పంపిస్తుంది.”

“చేశావంటే నిన్నిక్కడే పాతేస్తా. పార పట్టుకో.”

టైర్లలో సగం గాలి తీయించాను. చక్రాల ముందు తవ్వించి, చెక్క పలకలు పరిపించి, గట్టి నేల మీదున్న నా పికప్ ట్రక్కుకి అతని బండిని తాడుతో కట్టాను. మెల్లగా లాగితే బురద పెద్ద చప్పుడు చేసి అతన్ని వదిలింది.

ఒంటినిండా బురదతో లోవెల్ నవ్వుతుంటే నాకూ నవ్వు ఆగలేదు. మా ఆయన పోయాక నేనంతగా నవ్వడం అదే మొదలు.

“ఇప్పుడు చెయ్యి ఫోన్. ఎవరు ఎవర్ని లాగారో ఉన్నదున్నట్టు చెప్పు.”

“చెప్తానండీ. మీకు కాపలా అక్కర్లేదనీ చెప్తాను.” టోపీ నలుపుతూ నిలబడ్డాడు. “కాకపోతే, ఇంక నన్ను పంపదు.”

“నువ్వు రావడానికి దాని అనుమతి ఎందుకయ్యా?” అన్నాను. “రేపు పొద్దున్నే కాఫీకి రా. కప్పు నువ్వే తెచ్చుకో, నా దగ్గర ఒక్కటే ఉంది.”