కోపిష్టి కస్టమర్

“నిన్న కొన్నాను మిక్సీ, ఇవాళ పొగలొచ్చాయి. ఎవరమ్మా ఇక్కడ మేనేజరు? పిలువు ముందు!”

పడకగదిలో బట్టల బీరువాకు ఆనించిన లాప్‌టాప్ ముందు కూర్చుని ఆయన అరుస్తున్నాడు. మంచం మీద భార్య దిండు గలీబులు మడతపెడుతోంది. ఆవిడ తలెత్తనైనా లేదు. తెర మీద ఒక అమ్మాయి పెదవులు గబగబా కదులుతున్నాయి.

“మ్యూట్‌లో ఉన్నావమ్మా,” అన్నాడు మామూలు గొంతుతో. ఆ పిల్ల సరిచేసుకున్నాక మళ్ళీ పొగల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

దుకాణాల్లో, బ్యాంకుల్లో కౌంటర్ల వెనక కూర్చోబోయేవాళ్ళకు శిక్షణ ఇచ్చే సంస్థలో ఆయన పని కోప్పడటం. పాఠం చెప్పేవాళ్ళు వేరు. పాఠం అయ్యాక ఈయన తలుపు తోసుకుని వచ్చి, బల్ల చరిచి నానా మాటలూ అంటే, నేర్చుకునేవాళ్ళు ఆయన్ని చల్లబరచాలి. అందరూ ఆయన్ని ‘కస్టమర్ బాబాయ్’ అనేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంటికొస్తే మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. వరసలో ఎవరైనా అడ్డంగా దూరితే తనే ఒక అడుగు వెనక్కి వేసి చోటిస్తాడు. “బయట అంత కోపం అమ్ముకొస్తారు, ఇంటికి పిసరంత తెచ్చుకోకూడదూ?” అని భార్య ఏళ్ళ తరబడి ఆటపట్టిస్తూనే ఉంది.

కరోనా వచ్చి తరగతి గదులకు తాళాలు పడ్డాక ఆ కోపమంతా ఇంటికే వచ్చింది. మొదట్లో పక్కవాటావాళ్ళు కంగారుగా తలుపు కొట్టారు. పోనుపోను వాళ్ళకు అలవాటైపోయింది. ఆయనకే కాలేదు. తరగతి గదిలో అయితే ఎదుటివాళ్ళ చేతులు కనిపించేవి. వేళ్ళు వణికితే ఒక మెట్టు దిగేవాడు, కుదుటపడితే మళ్ళీ ఎక్కేవాడు. తిట్టడం ఎవరైనా తిడతారు, ఎక్కడ ఆపాలో తెలియడమే తన పని అని ఆయన నమ్మకం. తెర మీద మనిషి మెడ దాకానే ఉంటాడు. కొందరైతే ఆయన గొంతు తగ్గించేసి, ఏదో నములుతూ వినేవాళ్ళు.

ఇవాళ క్లాసు తొందరగా ముగించాడు. ఆఫీసుకు రమ్మని కబురొచ్చింది. ఆయన కోపాలన్నీ రికార్డు చేస్తారట.

“అన్నీ పట్టేసుకున్నాక ఇంక మీరెందుకండీ వాళ్ళకి?” అంది భార్య.

“అలా ఎలా కుదురుతుందే? ఎదురుగా మనిషుండాలిగా,” అన్నాడు గానీ, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. ఇది పోతే ఈ వయసులో ఇంకోటి దొరకదు. కోప్పడమని ఎవరు పిలుస్తారు?

ఆఫీసులో కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. హాల్లో ఒక మూల అద్దాల గది కట్టారు. శిక్షణ వ్యవహారాలు చూసే మేడమ్ ఆయన్ని లోపల కూర్చోబెట్టింది. ఒకప్పుడు ఆయన ముందు నిలబడి బావురుమన్న పిల్లే ఆమె. అద్దం అవతల రికార్డు చేసే అతను వేలెత్తగానే ఆయన మొదలుపెట్టేవాడు. బిల్లు తప్పుపడ్డ కోపం, సరుకు ఆలస్యమైన కోపం, గంటసేపు నిలబెట్టిన కోపం. ఎదురుగా మైకు తప్ప మనిషి లేకపోవడంతో ఎక్కడ తగ్గాలో తెలియక అవస్థపడ్డాడు.

అన్నీ అయ్యాక మేడమ్ లోపలికి వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది.

“చాలా బాగా వచ్చాయి బాబాయ్. మీ పరిస్థితి నాకు అర్థమవుతుంది. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. వచ్చే నెల నుంచి క్లాసులన్నీ వీటితోనే నడిపిస్తాం. మీరింక రానక్కర్లేదు.”

కస్టమర్‌ని చల్లబరిచే పాఠంలో నేర్పే వరస ఆమె ఎక్కడా తప్పలేదు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

“ఏం అర్థమైంది నీకు? ఆ పెట్టెకు కళ్ళున్నాయా? ఎదుటి పిల్ల బిక్కచచ్చిపోతే అది నోరు మూసుకుంటుందా? నువ్వు ఏడ్చిననాడు నా బదులు అదే ఉండుంటే, ఇవాళ నువ్వీ ఉద్యోగంలో...”

మేడమ్ చేతులు వణుకుతున్నాయి. ఆయన ఆగిపోయాడు. కావాలని ఆపలేదు. గొంతు దానంతటదే దిగిపోయింది.

స్పీకర్లోంచి రికార్డు చేసే అతని గొంతు హుషారుగా వినిపించింది.

“అదిరింది బాబాయ్! ఇందాకట్నుంచీ ఇచ్చినవన్నీ దీని ముందు దిగదుడుపే. నేను ఆపలేదు లెండి, అంతా పడింది. కాకపోతే మధ్యలో వదిలేశారు. ఇంకొక్కసారి చివరిదాకా లాగిస్తారా?”

మేడమ్ వద్దన్నట్టు అద్దం వైపు చెయ్యి ఊపింది. అతనికి అర్థం కాలేదు.

“ఒక్కసారే బాబాయ్, ప్లీజ్.”

“గొంతు పోయింది బాబూ,” అన్నాడాయన. కుర్చీ లోపలికి జరిపి, తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేశాడు.

కింద కాపలా మనిషి ఆపితే, జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని వీధిలోకి నడిచాడు. పైన అద్దాల గదిలో మైకు స్టాండుకు ఆయన మాస్కు వేలాడుతోంది, నోటి దగ్గర ఇంకా కాస్త ఉబ్బెత్తుగా.