గులాబ్ బీ తెచ్చిన నీళ్లు

అమీర్‌పేటలో లేడీస్ టైలర్ ఖాదర్‌కు ఫికరు పడటానికి పెద్దగా కారణం అక్కర్లేదు. పండగ ముందు జాకెట్లు ఎక్కువొస్తే కుట్టలేనేమోనని భయం, తక్కువొస్తే దుకాణం మూసుకోవాలేమోనని భయం. అలాంటి మనిషికి ఆ రోజు నిజంగానే కారణం దొరికింది. ఇల్లెందు అవతలి పల్లె నుంచి అక్క గులాబ్ బీ రాత్రి బస్సెక్కి, ఒళ్లో నీళ్ల డబ్బా పెట్టుకుని, తెల్లవారేసరికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

వాళ్ల ఊరి గుట్ట కింద ఈ మధ్య ఎవరో కాంట్రాక్టరు చిన్న బొగ్గు గని తవ్విస్తున్నాడు. గని చిన్నదే. దాని దప్పికే పెద్దది. లోపల ఊరిన నీటిని రేయింబవళ్లు మోటార్లతో తోడి వాగులోకి వదులుతుంటే, ఊళ్లో బావులు అడుగంటుతున్నాయి. వాగు ఎర్రబడింది. ఇప్పుడు బావి నీళ్లు కూడా నాలుకకు పుల్లగా తగులుతున్నాయట. ఏడో నెల గర్భంతో ఉన్న కోడలు ఇక్బాల్ బేగంకు కడుపు చెడి, మనిషి సగమైంది. ఇక లాభం లేదని గులాబ్ బీ ఆమెను పుట్టింటికి పంపింది. అక్కడేమో ఆ పిల్ల ఒకటే గోల, మా ఇంటికి నేను పోతానని.

"మా బాయి నీళ్లు తాగొచ్చో తాగొద్దో జర అడిగి చెప్పు తమ్మీ. పిల్లను ఇంటికి తెచ్చుకోవాల్నా వద్దా, నాకు గదొక్కటి తెలిస్తే చాలు" అంది గులాబ్ బీ.

అడగడానికి ఖాదర్‌కు ఒక మనిషి ఉంది. పంజాగుట్టలో నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో కెమిస్టు హైమవతి. ఆమె జాకెట్లు ఎప్పుడూ ఖాదరే కుడతాడు. అక్క ఊరి సంగతి విని, నీళ్లు తెప్పిస్తే చూస్తానని ఆమె ముందే మాటిచ్చింది; ఆ కబురు పంపితేనే అక్క డబ్బాతో వచ్చింది. ఖాదర్ దుకాణం తాళం తీసి, కుర్రాళ్లకు పని పురమాయించి వచ్చేసరికి అక్క డబ్బా తుడిచి సిద్ధంగా ఉంచింది. సైకిల్‌కు కట్టుకుంటూ చూశాడు. నీళ్లు తేటగా ఉన్నాయి. అక్కకూ నా జబ్బే అంటుకున్నట్టుంది, ఊరికే హడలిపోయిందేమో అనుకున్నాడు.

హైమవతి కూడా నీళ్లను వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. "గని దగ్గర నీళ్లంటే నా భయం వేరండీ ఖాదర్ గారూ. బొగ్గుతో పాటు ఉండే కొన్ని రాళ్లకు గాలీ నీరూ తగిలితే పులుపు పుడుతుంది. ఆ పులుపు ఇనుమునూ, ఇంకా ఏవేవో లోహాలనూ కరిగించుకుని వస్తుంది. వాగులోంచి అదంతా మెల్లగా బావుల్లోకి దిగుతుంది. కూర్చోండి, చూసి చెప్తాను."

బెంచీ మీద ఖాదర్ కూర్చున్నాడన్న మాటే గానీ కాలు ఒక చోట నిలవలేదు. చివరికి ఆమె నవ్వుతూ బయటికొచ్చింది. "పులుపు లేదండీ. ఇనుము కూడా లేనట్టే. ఈ నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు."

ఆ మాటతో ఖాదర్‌కు నెత్తి మీద బరువు దిగినట్టయింది. ఇంటికి పోయి ఆ కబురు అక్క చెవిన వేసి, అదే ఊపులో దుకాణానికి పోయాడు. జాకెట్లు కత్తిరిస్తూ కూనిరాగం తీశాడు. అది విని కుర్రాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

సాయంత్రం భోజనానికని వచ్చి పెరట్లో చేతులు కడుక్కుంటుంటే, దండెం మీద తెల్ల లైనింగు గుడ్డ ఒకటి కనిపించింది. తన దుకాణంలోదే. నడిమధ్య ఇటుక రంగు మరక. దగ్గరికి పోయి వేలితో రుద్దాడు. తుప్పు మరక. మిషన్ సూది తుప్పు పట్టినప్పుడు గుడ్డకు అంటేది ఇదే. సబ్బుకు పోదు.

"ఇది ఏమైంది?" అని భార్య నూరున్నీసాను అడిగాడు.

"పొద్దుగాల మీ ఆపా నీళ్లు వడగట్టింది గద" అందామె.

గులాబ్ బీ గర్వంగా బయటికొచ్చింది. "మరి గట్లనే తీస్కపోతమా? పెద్దమనిషి ముందల పెట్టే నీళ్లాయె. పులుపు పోవాలని నా పాన్‌దాన్‌ల సున్నం జరంత ఏసిన. ఎర్రటి మడ్డి అంత అడుగుకు దిగింది. పైన తేరిన నీళ్లు వడగట్టి పోసిన. మస్తు తేటగ కాలేదా?"

హైమవతి వెతికిన పులుపునూ ఇనుమునూ అక్క వంటింట్లోనే తీసేసింది. పంజాగుట్టకు పోయింది ఊరి బావి నీళ్లు కావు, అక్క మర్యాద.

"ఆపా, నీళ్లు బాయిల ఎట్లుంటే అట్లనే ఇయ్యాలె. గిప్పుడు పరీక్ష అయినట్టా, కానట్టా? పోనీలే, మళ్ల తెద్దాం. కోడల్ని మాత్రం అప్పటిదాంక రానియ్యకు" అన్నాడు.

"పిల్లను తెమ్మని రాజనర్సయ్యకు చెప్పొచ్చిన తమ్మీ" అంది గులాబ్ బీ.

రాజనర్సయ్య బస్సు కండక్టరు, వాళ్ల ఊరివాడే. యూసుఫ్‌గూడలో ఉంటాడు. కోడలి తల్లిగారి ఊరు అతని బస్సు దారిలోనే ఉంది. నీళ్లు మంచివేనట, నీ బస్సులోనే పిల్లను ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపు అని, తమ్ముడు చెప్పిన మాట నమ్మి మధ్యాహ్నమే అతని ఇంటికి పోయి చెప్పొచ్చింది. ఖాదర్ సైకిల్ మీద యూసుఫ్‌గూడకు పరుగుతీశాడు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. ఫోను చేద్దామంటే ఆ పల్లెలకు ఫోనే లేదు.

మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచి, ఖాదర్ అక్కతో తర్వాతి బస్సెక్కాడు. ఎన్నింటికి చేరుతుందని కండక్టరును అడిగిందే అడుగుతుంటే అతను విసుక్కున్నాడు. ఖాళీ డబ్బా గులాబ్ బీ ఒళ్లో ఉంది.

"మురికి నీళ్లు మేడమ్ ముందల పెడితే నీ ఇజ్జత్ పోతదనుకున్న" అంది డబ్బా మూత తిప్పుతూ.

ఖాదర్ మెడలోని టేపు తీసి చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"గా పిల్లకు దప్పిక ఎక్కువ తమ్మీ. బస్సు దిగంగనే ముందుగాల బాయి కాడికే పోతది."