బండోడిని తిరిగి ఇచ్చిన రోజు

ఉమాకాంత్ నూలుకండెను ఎడమ చేత్తో పడుగు మధ్యలోకి దూర్చి, కుడి చేత్తో అందుకుని, ఇనుప పళ్ల పంజాతో నాలుగు దెబ్బలు దిగ్గొట్టాడు. మళ్లీ దూర్చాడు, మళ్లీ కొట్టాడు. పొద్దున ఆరింటికి కూర్చుంటే పదకొండింటికి జానెడు జంపఖానా తయారవుతుంది. ఆ జానెడు కోసం ఇరవై రెండేళ్లుగా కొత్తవాడలోని అదే మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటున్నాడు.

ముప్పై ఏడేళ్లకే వీపు వంగిపోయింది. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు ఎత్తు. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి నూలుదుమ్ము. పెళ్లి కాలేదు. మగ్గం మీద కూర్చునేవాడికి పిల్లనిచ్చే రోజులు ఎప్పుడో పోయాయి. చూడవచ్చిన రెండు సంబంధాలవాళ్లూ చాయ్ తాగి, పిల్లగాడు బుద్ధిమంతుడని మెచ్చుకుని మరీ వెళ్లిపోయారు. ముందు గదులు అన్నావదినలవి, మగ్గం గది ఇతనిది. పండుకునేదీ తినేదీ అక్కడే.

ఇది కాక అతనికి ఇంకో లోకం ఉంది. అది అరచేతిలో పట్టేంత గేమ్ డబ్బా.

చిన్ననాటి దోస్తు సుదర్శన్ వాళ్ల బాపు బొంబాయి దగ్గర భీవండిలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఒకసారి వస్తూ బొంబాయి ఫుట్‌పాత్ మీద రెండు డబ్బాలు కొనుక్కొచ్చాడు. ఒకటి కొడుక్కి, ఒకటి కొడుకు వెంట తోకలా తిరిగే ఉమాకాంత్‌కి. అందులో గడ్డిలో నడుస్తుంటే వింత జీవులు ఎదురవుతాయి. వాటిని పట్టాలి, పెంచాలి, పందేలకు తీసుకుపోవాలి. రెండు చేతులున్న గుండ్రాయిలాంటి జీవిని సుదర్శన్ పట్టుకుని బండోడని పేరు పెట్టాడు. బండోడు ఎంత పెంచినా పూర్తిగా ఎదగడు. తీగ గుండా ఇంకొకరి డబ్బాలోకి పంపితేనే ఆఖరి రూపానికి మారతాడు. ఆ ఆట పద్ధతే అంత. అందుకని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. సుదర్శన్ పంపాలి, మారగానే ఉమాకాంత్ తిరిగి పంపాలి.

సుదర్శన్ కుటుంబం మొత్తం భీవండికి తరలిపోయే రోజున ఆ పని పెట్టుకున్నారు. బండోడు వచ్చాడు, ఉమాకాంత్ కళ్లముందే కొండంత అయ్యాడు. ఇంతలో సుదర్శన్ డబ్బాలో సెల్లులు అయిపోయాయి. ఉమాకాంత్ లాగు జేబులో రెండు కొత్త సెల్లులు ఉన్నాయి. అతను జేబు మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు. సుదర్శన్‌ను వాళ్ల బాపు రెక్క పట్టుకుని స్టేషన్‌కు లాక్కుపోయాడు.

అంతే జరిగింది. వినేవాళ్లకు నవ్వొస్తుంది, ఉమాకాంత్‌కు మాత్రం ఇన్నేళ్లూ నవ్వు రాలేదు. బండోడి వివరాలు తెరిస్తే యజమాని పేరు దగ్గర ఇప్పటికీ సుదర్శన్ పేరే ఉంటుంది. ఆ డబ్బాలో ఒక్క ఆటనే దాచుకోవచ్చు. మళ్లీ మొదటినుంచి ఆడాలంటే ఉన్నదంతా చెరిగిపోతుంది, బండోడూ పోతాడు. అందుకని ఉమాకాంత్ ఏనాడో అయిపోయిన ఆటలో, గెలవడానికేమీ మిగలని ఊళ్లలో, ఒక్కడే తిరుగుతూ ఉండిపోయాడు.

భీవండిలో తానూ మరమగ్గాల మీదే పనిచేసిన సుదర్శన్ దసరా తర్వాత తిరిగొచ్చాడు. ఊపిరితిత్తుల నిండా నూలుదుమ్ము పేరుకుందని, ఇక ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానలో చెప్పారట. ఉమాకాంత్ నాలుగుసార్లు చూడబోయి, అసలు మాట అనలేక వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాడు. ఇవాళ అలా కాదు. పోయిన నెలలో ఫోన్‌లో వెతికి, పాత డబ్బా ఇంకొకటి, తీగతో సహా తెప్పించాడు. అందులో ఆటగాడి పేరు సుదర్శన్ అని రాశాడు. అన్నం తినే వేళల్లో ఆడి, మార్పిడి చేసే చోటుదాకా నడిపించాడు. ఒకటి తీసుకోవాలంటే ఇంకొకటి పంపాలి కనుక, బండోడికి బదులుగా ఆటలోని ఎలుకలాంటి జీవిని కూడా పట్టి పెట్టాడు. సుదర్శన్ ఉండగానే సొత్తు అతని చేతిలో పెట్టాలి, తప్పు ఒప్పుకోవాలి. ఇంకేమీ అక్కర్లేదు.

పదకొండింటికి మగ్గం దిగి, స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకుని బయల్దేరాడు.

రెండు గల్లీల అవతల, అద్దె గదిలో మంచం మీద సుదర్శన్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. మెడ దగ్గర ఎముకల మధ్య గుంతలు శ్వాస తీసినప్పుడల్లా లోతవుతున్నాయి.

“ఉమాకాంతన్న అచ్చిండు,” అని అతని భార్య వినోద కుర్చీ జరిపింది.

ఉమాకాంత్ కూర్చోకుండానే అనేశాడు. “సుదర్శనా, నీదొకటి నా దగ్గర ఉండిపోయిందిరా.”

“ఏంది?”

“బండోడు.”

“ఏ బండోడురా?”

వేళాకోళమనుకుని ఉమాకాంత్ నవ్వబోయాడు. సుదర్శన్ ముఖంలో వేళాకోళం లేదు. అప్పుడు డబ్బాలు తీసి చూపించి, మొదటినుంచి చెప్పాడు. ఫుట్‌పాత్, గడ్డి, తీగ, ఒప్పందం అన్నీ చెప్పి, చివరికి ఆ మాట కూడా అన్నాడు.

“ఆనాడు నా జేబుల కొత్త సెల్లులుండెరా. నీకు జెప్పలే. ఒక్క పూటన్న వాణ్ని నా తాన ఉంచుకుందామని దాచిన.”

తిడతాడేమోనని చూశాడు. తిడితే బాగుండునని చూశాడు.

సుదర్శన్ చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. “రైలుకు లేటైతాందని మా బాపు వీపుల గుద్దిండు. గా సంగతి యాదికున్నది. గేమ్ యాదికి లేదురా.”

“కోపమైతే తిట్టురా.”

“యాదికి లేనిదానికి ఏమని తిట్టాలె?”

వినోద తలుపు దగ్గర నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఉమాకాంత్ వంచిన తల ఎత్తకుండా రెండు డబ్బాలకూ తీగ తగిలించి, కొత్తది సుదర్శన్ చేతిలో పెట్టాడు. ఆ చెయ్యి వేడిగా, కాగితంలా ఉంది.

“భీవండిల ఒకసారి ఏమైందంటే,” అని సుదర్శన్ ఏదో మొదలుపెట్టాడు.

“జర ఆగురా, ఇది పూర్తి కానీ. గీ మీట నొక్కు.”

సుదర్శన్ ఆగాడు. బొటనవేలితో నొక్కాడు. తెర మీద బండోడు తీగలో జారిపోయి, అవతల సుదర్శన్ చేతిలో తేలాడు. తన ఇంటికి తాను చేరాడు. సుదర్శన్ తెరను ఒక నిమిషం చూసి, “మంచిగున్నది,” అన్నాడు, పక్కింటివాళ్ల కొత్త బీరువాను చూసి అన్నట్టు. “తీస్కపోరా. ఈడుంటే ఆగమైతది.”

భీవండిలో ఏమైందో మళ్లీ చెప్పలేదు. ఉమాకాంత్ అడగడం మరిచాడు. రెండు డబ్బాలనూ సంచిలో వేసుకుని ఇంటికొచ్చి, మగ్గం మీద కూర్చుని తన పాత డబ్బాను తెరిచాడు. ఇప్పుడు కొత్త ఆట మొదలుపెట్టొచ్చు, అడ్డమేమీ లేదు. ఉన్నది చెరిపెయ్యాలా అని డబ్బా అడిగింది. వద్దని నొక్కాడు. కొత్త ఆటలో జీవిని పట్టినా ఎవరికి పంపాలి? సాయంత్రందాకా ఇంకో జానెడు నేశాడు.

ఆ తర్వాతి బుధవారం పొద్దున వినోద చాయ్ తెచ్చి లేపితే సుదర్శన్ లేవలేదు.

మూడోనాడు శ్మశానం పక్కన పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి దూరంగా నిలబడాలి. పిట్ట వచ్చి ముడితే మనిషి తృప్తిగా వెళ్లినట్టు. అన్నం, మటన్, ఉడికిన గుడ్డు, కల్లుసీసా పెట్టారు. ప్రహరీ మీద రెండు కాకులు కూర్చుని ఉన్నాయి, దిగడం లేదు.

“ఏందో కోరిక మిగిలింది,” అన్నాడు సుదర్శన్ మేనమామ మొండయ్య. చేతులు జోడించి, “వినోదను మేం అరుసుకుంటం, రా బిడ్డా,” అని పిలిచాడు. కాకులు కదల్లేదు. “నీ పిల్లను సదివిపిస్తం, రా,” అన్నాడు. ఒక కాకి ఎగిరి ఇంకొంచెం దూరంగా వాలింది.

ఎండ ముదిరింది. మొండయ్య ఉమాకాంత్ వైపు తిరిగాడు. “నువ్వు చిన్ననాటి దోస్తువు గదా. వాని మనసుల ఏముండెనో నీకెర్క ఉంటది. చెప్పు బిడ్డా, మాటిద్దాం.”

అందరూ అతన్నే చూశారు. ఉమాకాంత్ నోరు తెరిచాడు. బండోడి బలమెంతో, ఏ దెబ్బకు పడిపోతాడో అడిగితే నిద్రలో అయినా చెప్పగలడు. ముప్పై ఏడేళ్లు బతికి పోయిన ఈ మనిషి దేనికి నవ్వేవాడో, దేనికి భయపడేవాడో, ఏం కావాలనుకున్నాడో ఒక్కటీ తెలియదు. చెప్పబోతే ఆగమన్నది తానే.

“నాకెర్క లేదు మామా,” అన్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా చూసి, ఇక రావులే అని నీళ్లు చల్లి అందరూ లేచారు. వినోద చివరగా వంగి, కొంగు చాటున దాచుకున్న పేపరు పొట్లం విప్పి ఆకు అంచున పెట్టింది.

“అదేంది చెల్లె?” అన్నాడు ఉమాకాంత్.

“వడాపావ్ అన్నా. మావోళ్లు నవ్వుతరని ముందుగాల పెట్టలే,” అంది. “ఆయనకు ఇదంటె పానం. భీవండిల రోజు రెండు తినేటోడు.”

వెనక్కి తిరిగి చూడకూడదంటూ మొండయ్య ముందు నడిచాడు. ఉమాకాంత్ చూశాడు. ఆకు అంచున, నూనె పీల్చుకుంటున్న పేపరు మీద, నడిమికి కోసిన బన్ను, దానిలో ఆలుగడ్డ వడ, పక్కన వేయించిన ఒక పచ్చిమిరపకాయ.