ఎడమ వెనక సీటు బరువు

నేను ఒక ఉక్కు పట్టాను. కాస్త మర్యాదగా చెప్పాలంటే, ఒక పాత తెల్ల కారుకి వెనక ఎడమవైపు, కుదుపులు కాచే కమానులో అన్నిటికన్నా పొడవైన పై పట్టాను. నా కింద ఇంకో నాలుగు పట్టాలున్నాయి. పొట్టివే గాని నోరు పెద్దది, గ్రీసు ఎండితే చాలు కిచకిచమంటూ ఊరంతా చాటుతాయి. కారు చూసినవాళ్లు రంగు గురించి మాట్లాడతారు, ఇంజను గురించి మాట్లాడతారు. నా ఊసు ఎవరికీ పట్టదు. నడుం పట్టేసిన రోజున మాత్రం గుర్తొస్తాను, అదీ తిట్టడానికి.

నన్ను కొలిమిలో ఎర్రగా కాల్చి, వంచి, నూనెలో ముంచి తీశారు. వంగాలి, మళ్లీ లేవాలి. నాకు చెప్పిన చదువు అంతే. ఆ చదువుతో ముగ్గురు యజమానుల దగ్గర నెట్టుకొచ్చాను. మొదటాయన ఇంజనీరు. పెద్దవాళ్లు ఎప్పుడూ ఎడమ వెనక సీటులోనే కూర్చుంటారు, ఎందుకో నాకు తెలీదు. ఆయన, ఆయన పొట్ట, ఆయన ఫైళ్లు అన్నీ నా నెత్తి మీదే. కుడివైపు కమాను హాయిగా నిద్రపోయేది. రెండో ఆయన పెళ్లిళ్లకు అద్దెకు తిప్పాడు. నగలతో కలిపి కూడా పెళ్లికూతుళ్లు ఎంత తేలికగా ఉండేవారో! ఏడ్చే పిల్ల బరువు అదురుతూ ఉంటుంది, నవ్వు ఆపుకునే పిల్ల బరువు ఇంకోలా అదురుతుంది. మనుషుల మొహాలు నేనెప్పుడూ చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు.

మూడో ఆయన పానకాలరావు. దుగ్గిరాల పక్క ఊరు. పసుపు యార్డులో ముప్పై ఏళ్లు కాటా గుమాస్తాగా చేశాడు. బస్తా ఎత్తి చూసి ఎన్ని కిలోలో చెప్పేసేవాడట. అందుకే ఆయనంటే నాకు ముందునుంచీ కొంచెం పోటీ. బరువు తెలిసినవాడిని నేనొక్కణ్ణే అనుకుంటుంటే ఈయనొకడు తగిలాడు.

కారు కొన్నది భార్య దమయంతి కోసం. ఆమెకు వెన్నులో జబ్బు. వారానికోసారి గుంటూరు ఆసుపత్రికి వెళ్లాలి, కుదుపులు తగలకూడదని డాక్టరు చెప్పాడు. ఆమెకు అంబులెన్సు అంటే గిట్టదు. "అందులో ఎక్కితే పోయినదాన్ని మోసుకెళ్తున్నట్టుంటదండీ. మన కారులో అయితే పక్కూరికి పోయినట్టుంటది" అనేది. ఆయన సీటు మీద బొంత పరిచాడు. పట్టుకోవడానికి వీలుగా ముందు సీటు వీపుకి ఒక ఇనప కడ్డీ బిగించాడు. అది సరిగ్గా బిగించలేదు, పట్టుకుంటే చాలు కిర్రుమనేది.

మా దారిలో కాలవ లాకులు, ఆ తరవాత ఒక తమలపాకు తోట, ఇంకో రెండు మైళ్లు పోతే రైలు గేటు. దారంతా ఒక ఎత్తు, ఆ గేటు ఒక ఎత్తు. రైలు పట్టాల మధ్య రాళ్లు లేచిపోయి ఉంటాయి. గేటు కనబడగానే దమయంతి రెండు చేతులా కడ్డీ పట్టుకుని, సీటు మీంచి ఒక వేలెడు పైకి లేచేది. కిర్రు. నా మీద అయిదారు కిలోలు తగ్గేవి. గేటు దాటాక మెల్లగా కూర్చునేది. "అమ్మయ్య, దాటేశామండీ" అనేది. ప్రతి వారం ఇంతే. ఆమెను నేను మోశాననడం తప్పు. గేటు దగ్గర తన్ను తానే మోసుకునేది.

ఏ మనిషైనా ఇంతే. బతికున్న బరువు ఎప్పుడూ ఒకచోట ఉండదు. ఊపిరికి ఊగుతుంది, మలుపు రాకముందే ఒరుగుతుంది, గతుకు కనబడితే బిగుసుకుంటుంది. బస్తాకి ఈ తెలివి లేదు.

ఆ రోజు సంగతి చెప్తాను. చెప్పకుండా ఎన్నాళ్లు మొయ్యను?

అప్పటికి నేను బాగా కుంగిపోయాను. వంపు పోయి చాప పరిచినట్టు సాపుగా అయిపోయాను. షాకబ్జర్లలో నూనె కారిపోయి అవి ఉన్నా లేనట్టే. పానకాలరావుకి తెలుసు. "దసరా వెళ్లనీ, కమాన్లు బాగుచేయిస్తా" అన్నాడు లాకులు దాటుతూ. "ఊఁ" అంది ఆమె. ఆ తరవాత ఆయన యార్డు కబుర్లలో పడ్డాడు. ఎవరో రైతు బస్తాతో పాటు తన కాలు కూడా కాటా మీద ఆనించి నిలబడితే, "కాలు కూడా అమ్ముతావా ఏంది?" అని తాను అడిగిన కథ. పాతిక సార్లు చెప్పిన కథే. చెప్పి ఆయనే నవ్వాడు. కొత్తగా తారు వేసిన రోడ్డు, కారు నీళ్ల మీద పోతున్నట్టు పోతోంది. ఎక్కడా ఒక్క కుదుపు లేదు. తమలపాకు తోట సగం దాటామో లేదో, నా మీద బరువు ఊగడం ఆగిపోయింది. తలుపు వైపు కొద్దిగా జారి, అక్కడే ఉండిపోయింది. నాకు తెలిసింది. నాకొక్కడికే తెలిసింది.

ఆయన ఇంకా నవ్వుతున్నాడు.

గేటు వచ్చింది. నేను ఆ కిర్రు కోసం చూశాను. ఆమె లేస్తుందేమోనని, ఒక వేలెడు, అరవేలెడు. లేవలేదు. సాపుగా ఉన్న నాకు ఇంకా వంగడానికి చోటు లేక ఇరుసు పోయి కారు అడుక్కి గుద్దుకుంది. దబ్! ఆ చప్పుడుకు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆమె సీటు మీద పక్కకు పడి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు దారిలోనే ప్రాణం పోయిందన్నాడు. గుంటూరులో ఉండే ఆమె చెల్లెలు సుభాషిణి పరిగెత్తుకుంటూ వచ్చింది. "గేటు దగ్గర దబ్బుమంది, మళ్లీ పలకలేదు" అని పానకాలరావు చెప్పాడు. ఆమె కారు తలుపు పట్టుకుని అరిచింది: "అంబులెన్సు పిలవమని మొత్తుకున్నాను గదా బావా! ఈ డొక్కులో ఎక్కించి గేటు కాడ చంపేశావు!" ఆయన కాదనలేదు. అప్పుడే కాదు, ఆ తరవాతా కాదనలేదు. ఉక్కుకి నోరుంటే ఆ రోజు విరిగేలా అరిచేవాణ్ణి.

పదకొండు నెలలు కారు పాకలో పడి ఉంది. ఎవరూ కూర్చోకపోయినా ఎడమవైపే ఒరిగి ఉండేది. ఆయన పొద్దున్నే వచ్చి ఆ ఒరుగు చూసేవాడు. నా తప్పే, నేనే లేవలేకపోయాను; కానీ ఆయన చూసే చూపుకి నాకే అనుమానమొచ్చేది, ఆమె నిజంగా దిగిందా లేదా అని. ఖాళీ సీటు కింద ఉండడం ఎంత భారమో నాకు అప్పుడు తెలిసింది.

సంవత్సరీకం దగ్గరపడింది. రమ్మని ఫోను చేస్తే సుభాషిణి, "నా అంతట నేనొస్తాను బావా, ఆ కారు పంపకు. చచ్చినా అందులో ఎక్కను" అంది. ఆ మర్నాడే ఆయన కారుని తెనాలిలో నాగూర్ వలి షెడ్డుకి తోలుకొచ్చాడు. వలి కమాన్ల పని తప్ప ఇంకో పని ముట్టుకోడు. ఆ గేటు ఒక్క కుదుపు లేకుండా దాటాలి, మరదల్ని అందులో కూర్చోబెట్టి తీసుకురావాలి. పానకాలరావుకి పట్టుకున్న పంతం అదొక్కటే.

"ఇంకో పట్టా వేసి గట్టిగా చేస్తే సరిపోదా వలీ?"

వలి కింద పడుకుని నన్ను వేళ్లతో తట్టి చూశాడు. "అట్టా చేస్తే కారు కుంగదు గుమాస్తా గారూ. లోపల మనిషి మాత్రం ఎగిరెగిరి పడతాడు. గట్టిగా ఉండటం వేరు, మెత్తగా మొయ్యటం వేరు. ఉన్న పట్టాలకే వంపు తెద్దాం. రబ్బరు బుష్షులు కొత్తయి, షాకబ్జర్లు మంచియి. పట్టాకీ పట్టాకీ మధ్య నైలాను ముక్కలు పెడతా, ఒకదాన్నొకటి రాసుకోవు. ముందు చెప్పండి, ఎవరెవరు ఎక్కడ కూచుంటారు?"

"నేను తోలతా. వెనక ఎడంపక్క ఆవిడ."

"ఎంత ఉంటారు అమ్మగారు?"

"నలభై ఒక్క కిలోలు."

వలి రాసుకున్నాడు. పానకాలరావు డిక్కీలోంచి ఒక బస్తా దింపాడు. పసుపు కొమ్ములు. ఇంట్లోనే తూచి తెచ్చాడు, సరిగ్గా నలభై ఒకటి. ఆసుపత్రి చీటీలో ఆఖరిసారి రాసిన బరువు అది. బస్తాను ఎడమ వెనక సీటులో బొంత మీద జాగ్రత్తగా నిలబెట్టాడు. కారంతా పసుపు వాసన. ఆమెను ఆఖరిసారి ముస్తాబు చేసినప్పుడూ ఇదే వాసన.

పని మొదలుపెట్టే ముందు రోగం చూడాలని వలి ముందు సీటులో కూర్చున్నాడు. గేటు దాకా వెళ్లాం. దబ్! పానకాలరావు కారు ఆపేసి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "ఇదే వలీ. ఇదే చప్పుడు. ఆవిడ పోయింది ఇక్కడే" అన్నాడు. వలి దిగి వెనక చక్రం పక్కన వంగి చూశాడు. తరవాత, "బండి నాకు వదిలెయ్యండి" అన్నాడు.

నన్ను విప్పారు. దాగలి దిమ్మ మీద పెట్టి, అంగుళం అంగుళం జరుపుతూ సమ్మెటతో వంపు ఎక్కించాడు. బాధ గురించి నన్నడక్కండి. ఒక్కో దెబ్బకీ ఆమె బరువు నాలోంచి కొంచెం కొంచెం పోతోందని భయం వేసింది. నాలుగో రోజుకి కారు సమంగా నిలబడింది. ఆ ఒరుగు లేని కారును చూసి పానకాలరావు మొహం ఎలా పెట్టాడో నాకు తెలీదు గానీ, ఆ సీటు దగ్గరికొచ్చి బొంతను ఒకసారి అరచేత్తో తడిమాడు.

బస్తాతో గేటు దాటాం. ఊయల ఊగినట్టు ఒక్క ఊపు, అంతే. ఆయన మళ్లీ దాటించాడు. మళ్లీ.

"బస్తాతో చూస్తే తెలవదు. మనిషి కూచుంటే వేరు" అని వలి బస్తాను దింపి తానే వెనక ఎడమవైపు ఎక్కాడు. గేటు కనబడింది. కుదుపు రాదని వలికి తెలుసు, బాగుచేసింది తనే. అయినా చేతులు వాటంతటవే వెళ్లి కడ్డీ పట్టుకున్నాయి. వేలెడు పైకి లేచాడు.

కిర్రు.

గేటు దాటాక పానకాలరావు కారు పక్కకు ఆపాడు. "ఎందుకు పట్టుకున్నావు?"

"ఏమో సార్. ఒంటికి తెలుస్తది గదా."

"ఆ రోజు కిర్రుమనలేదు వలీ." ఆయన వెనక్కి తిరిగి కడ్డీని చూశాడు. "ప్రతిసారీ పట్టుకునేది. ఆ రోజు దబ్బుమన్నది గాని కిర్రుమనలేదు. బాగుచెయ్యక ముందు మనం చూసినప్పుడూ అంతే, వెనక బస్తా ఉంది."

వలి తలగుడ్డ తీసి చేత్తో నలిపాడు. "బతికున్న మనిషి పట్టుకోకుండా ఉండదు సార్. అమ్మగారు గేటు కాడ పోలేదు. గేటుకి అమ్మగారు రానే లేదు."

ఆయన రోడ్డు పక్కన కూర్చుని బిగ్గరగా ఏడ్చాడు. ఏడాదిగా నేను చెప్పలేనిది ఒక తుప్పు కడ్డీ చెప్పింది. కొంచెం అసూయ పడ్డాను, ఎక్కువ సంతోషించాను.

సంవత్సరీకం రోజు పొద్దున్నే గుంటూరు వెళ్లాం. సుభాషిణి వాకిట్లో నిలబడి చాలాసేపు ఎక్కలేదు. చివరికి ఎక్కింది. అక్క సీటులోనే కూర్చుంది. యాభై ఎనిమిది కిలోలు, కోపంతో కలిపి. గేటు దగ్గర రెండు చేతులా కడ్డీ పట్టుకుంది. కారు ఒక్క ఊపు ఊగి దాటింది.

"విన్నావా సుభాషిణీ, ఆ కిర్రు?" అన్నాడు పానకాలరావు. వలి చెప్పినదంతా చెప్పాడు. నేరం కొట్టేసిన ముద్దాయిలా గబగబా చెప్పాడు. ఆమె మెల్లగా ఏడ్చింది. "అంత మాటన్నాను బావా. ఏమీ అనుకోకు" అంది. ఆ తరవాత కళ్లు తుడుచుకుని, అడగాలని కాదు, ఊరికే నోటికొచ్చినట్టు అడిగింది:

"మరి అక్క ఎక్కడ పోయింది బావా?"

కారు వేగం తగ్గింది. అప్పుడు మేం తమలపాకు తోట పక్కనుంచి పోతున్నాం.

ఇప్పుడు ప్రతి వారం ఆయన ఒక్కడే ఆ దారిన వస్తాడు. లాకుల దగ్గర ఆగుతాడు. చింతచెట్టు దగ్గర ఆగుతాడు, కల్వర్టు దగ్గర ఆగుతాడు. వెనక్కి తిరిగి, "ఇక్కడా?" అని అడుగుతాడు. ఎక్కడ కాస్త గతుకు ఉంటే అక్కడల్లా ఆగి అడుగుతాడు. వలి పుణ్యమా అని ఆయనకు ఒక్క కుదుపూ అందదు, మెత్తగా మోస్తాను.

తమలపాకు తోట దగ్గర మాత్రం ఆగడు. అక్కడ రోడ్డు బాగుంటుంది. ఆ రోజు అక్కడ తాను కథ చెప్పి నవ్వాడు, ఆమె కూడా నవ్వుతూనే ఉందని ఆయన నమ్మకం.